ఆడపడుచు సాక్ష్యం

ఈ రోజు మా మరదల్ని వెంటబెట్టుకుని పెడన నుంచి బందరు కోర్టుకి వెళ్ళాను. మా తమ్ముడు దాని మీద చెయ్యి చేసుకోకుండా, దాని దగ్గరికే రాకుండా ప్రొటెక్షన్ ఆర్డర్ కావాలి. ఆడవాళ్ళకి అక్కడ ఫీజు లేకుండా లాయర్ని ఇస్తారు.

లాయరమ్మ గారు అంతా రాసుకుని, నా వైపు చూసి "మీరు ఈ అమ్మాయి అక్కగారాండీ?" అని అడిగారు.

"కాదండీ, ఆడపడుచుని. కొట్టినవాడు నా తమ్ముడే."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. "తమ్ముడి మీద సాక్ష్యం చెప్తారా?"

"నా కళ్ళ ముందే కొట్టాడు. నేను కాకపోతే ఇంకెవరు చెప్తారండీ?"

బయటికి రాగానే మా మావయ్య ఫోను. కోర్టులెందుకు, పెద్దమనుషుల్లో పెడదామట. ఇదివరకు పెట్టాం కదా! వాళ్ళు టీలు తాగి, "సర్దుకుపో అమ్మా" అని దీనికే చెప్పి లేచారు. ఆ వారమే వాడు మళ్ళీ కొట్టాడు. ఇప్పుడు నేను పుట్టింటి పరువు తీస్తున్నానట. పరువు పోయేది కొట్టినప్పుడా, ఆ సంగతి చెప్పినప్పుడా?

పెళ్ళిలో వాడు మూడు ముళ్ళు వేస్తుంటే, దీని జడ ఎత్తి పట్టుకున్నది నేనే. మొన్న వాడు ఆ జడ పట్టుకునే దీన్ని వాకిట్లోకి ఈడ్చాడు. ఆడపడుచు లాంఛనాలన్నీ పుచ్చుకున్నదాన్ని, ఇప్పుడు చూస్తూ ఊరుకోనా?

మీరైతే ఏం చేసేవారో కింద రాయండి. "సర్దుకుపోవాలి" అనేవాళ్ళు మాత్రం ముందు మా ఇంటికొచ్చి, దాని వీపు చూసి, అప్పుడు రాయండి.