ఎనిమిదో నెల ప్రయాణం

నా పెళ్ళయిన మరుసటి ఏడు, అరవైల మొదట్లో, తుఫానుకు సముద్రం మా ఊళ్ళోకి వచ్చింది. నాకప్పుడు ఎనిమిదో నెల. నడుము లోతు నీళ్ళలో మా ఆయన చెయ్యి పట్టుకుని ఇందుకూరుపేట బడిదాకా నాలుగు మైళ్ళు నడిచాను. ఆ రోజు నెల ఎన్నోదని ఎవరూ అడగలేదు.

బడిలో ఒక్క గదిలో పది కుటుంబాలం. బావులన్నీ ఉప్పెక్కిపోయాయి. ఆ నీళ్ళే తాగాం, వాటితోనే గంజి కాచుకున్నాం. వారం తిరిగేసరికి నా కాళ్ళు ఉబ్బిపోయి మెట్టెలు వేళ్ళలో దిగబడ్డాయి. తల పగిలిపోయే నొప్పి, కళ్ళ ముందు మెరుపులు.

"మగబిడ్డయితే అట్టనే నీరు పడతాదిలే," అనింది మా అత్త.

టీకాలు వేయడానికి జీపులో వచ్చిన నర్సమ్మ నా కాలి మీద వేలితో నొక్కింది. పడిన గుంట అట్లాగే ఉండిపోయింది. ఆమె మొహం మారిపోయింది.

"పెద్దమ్మా, ఈ బిడ్డను ఇప్పుడే జీపెక్కించండి. నెల్లూరు ఆసుపత్రికి తీసకపోతా. ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు."

మా అత్త కొంగు బిగించి లేచింది. "ఎనిమిదో నెల్లో ప్రయాణమా? సరి నెల్లో గడప దాటించకూడదని తెలీదా నీకు? పన్నెండు రోజులు పోతే తొమ్మిది వస్తాది, మేమే తీసకపోతాం."

గడపట! మా గడప ఉప్పునీళ్ళలో మునిగి ఉంది. నీళ్ళలో నేను నడిచిన నాలుగు మైళ్ళూ ప్రయాణం కాదు కాబోలు! ఇదంతా నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, సగం ఆయన మీద, సగం నా మీద. జీపు నేను లేకుండానే వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున గంజి తాగుతూ విరుచుకు పడిపోయానట. గుర్రపువాతం, కడుపుతో ఉన్నవాళ్ళకు నీరు పట్టి వచ్చే మూర్ఛ. నాలుక కొరుక్కున్నాను. బండ్లు దొరక్క నలుగురు మగవాళ్ళు నన్ను మంచం మీద మోసుకుంటూ బురదలో నెల్లూరు దారి పట్టారు. చేరేసరికి సాయంత్రమైంది. నాకు తెలివొచ్చి పొట్ట తడుముకుంటే ఏమీ లేదు. ఆడపిల్లట, కడుపులోనే పోయిందట. నాకు చూపించకుండానే పూడ్చిపెట్టారు.

పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ మా అత్త నా మంచం పక్కనే కూర్చుని, ముక్కు చీదుతూ చెప్పింది.

"నేను చెప్తానే ఉండా. ఎనిమిదో నెల్లో ప్రయాణం చేయిస్తే బిడ్డ నిలుస్తాదా?"

అందరూ నిజమేనని తలూపారు. వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు.