ముహూర్తం చూసి నెట్ ఆపిన మా బావ

మా అక్క మొగుడు ఉపేంద్రకి శ్రీకాకుళంలో ఒక ఆఫీసుంది. దాని గోడ నిండా సర్టిఫికెట్లున్నాయి. హైదరాబాదులో కొన్నాళ్లు నెట్‌వర్కింగ్ నేర్చుకొచ్చి, ఆ గొప్పలే ఇన్నేళ్లుగా మా అందరికీ వడ్డిస్తున్నాడు. కళింగపట్నంలోనూ, దారిలో ఉన్న ఊళ్లలోనూ ఇంటర్నెట్ ఇచ్చేది ఆయనే. మా ఊళ్లో టవరు మీద డిష్ బిగించి, కింద పెట్టెలో రౌటరు పెట్టి, శ్రీకాకుళంలో కుర్చీలోంచే దాన్ని నడుపుతాడు. నాది కళింగపట్నంలో కిరాణా కొట్టు, పక్కనే జెరాక్సు, రెండు కంప్యూటర్లతో నెట్ సెంటరు. అంటే నా బతుకుతెరువు కూడా ఆయన చేతిలోనే ఉంది, నా ఖర్మ.

ఆదివారాలు ఆఫీసులో క్లాసులు చెబుతాడు. మా అక్కకి సరుకులివ్వడానికి వెళ్లినప్పుడు ఒకసారి విన్నాను.

"సెట్టింగులు మార్సి సర్వీసు రీస్టార్టు సెయ్యడమంటే ఆటలు కాదు. ముందు పాత ఫైలు కాపీ తీసి పెట్టుకోవాల. కొత్త దాంట్లో తప్పులుంటే సూపించే కమాండున్నాది, అది కొట్టి సూడాల. దూరం నుంచి సేస్తన్నప్పుడైతే టైమరు పెట్టాల. లైను తెగిపోతే పాత సెట్టింగులు వాటంతటవే వెనక్కి వస్తాయి. ఇయ్యేవీ సెయ్యకుండా మీట నొక్కితే, ఇంటికి తాళమేసి తాళంసెవి లోపల ఒగ్గేసినట్టే!"

ఎంత చక్కగా చెప్పాడో! అందరూ చప్పట్లు కొట్టారు. అవి చెప్పడానికే గానీ చేయడానికి కావని అప్పుడు నాకు తెలియదు. ఆయన చేసేదల్లా పంతుల్ని అడిగి ముహూర్తం పెట్టించుకోవడం. రౌటరుకి బొట్టు పెడతాడు, నిమ్మకాయ కడతాడు. ఓసారి పసుపు నీళ్లు చల్లబోతే మా అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. మహా ఇంజినీరు!

2016లో, పాలిటెక్నిక్ సీట్లు ఇచ్చే రోజులు. ఎండుచేపలమ్మే దేముడమ్మ కూతురు రాధికకి మంచి ర్యాంకు వచ్చింది. శ్రీకాకుళంలో ఆడపిల్లల కాలేజీకి రోజూ బస్సులో వెళ్లొచ్చు. హాస్టలు అక్కర్లేదు. తండ్రి ఒప్పుకున్నది కూడా ఆ ఒక్క కాలేజీకే. ఏ కాలేజీ కావాలో ఆప్షను ఆన్‌లైనులో పెట్టాలి. మా బావ ధర్మమా అని రెండు రోజులుగా మా ఊళ్లో నెట్ వస్తూ పోతూ ఉంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి ఆఖరు. ఆ పొద్దున నెట్ వచ్చింది. తల్లీకూతుళ్లు కొట్టు తెరవక ముందే వచ్చి గుమ్మంలో కూర్చున్నారు.

నేను బావకి ఫోన్ చేశాను. "బావా, నీకు దండం పెడతాను. పన్నెండు దాకా దేన్నీ ముట్టుకోకు. ఇక్కడ పిల్ల ఆప్షను పెట్టాలి."

"అదెలాగే తాయారూ! సెట్టింగులు మార్సడానికి పదింపావుకి దివ్యమైన ముహూర్తమున్నాది. పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తాది. ఐదు నిమిషాల పని, నువ్వు గాబరా పడకు."

సైటు మీద జనం ఎగబడి ఉన్నారు, పేజీ నత్తలా తెరుచుకుంటోంది. రాధిక పాస్‌వర్డు కొట్టింది. కాలేజీల పేర్లు వచ్చాయి. తన కాలేజీ దొరికింది. సేవ్ నొక్కబోయేసరికి తెర మీద చక్రం తిరగడం మొదలైంది. ఇక ఆగలేదు.

ఫోన్ చేస్తే మా బావ గొంతు మారిపోయింది. ముహూర్తం దాటిపోతోందని కాపీ తీయలేదట, తప్పులు చూడలేదట, టైమరు పెట్టలేదట. నొక్కేశాడట. ఇప్పుడు రౌటరు తన మాట కూడా వినడం లేదట.

"అయితే బండెక్కి రా, మహానుభావా!"

"రాహుకాలంలో గడప దాటమంటావేటే? పన్నెండు దాటనీ, వస్తాను."

"పోనీ పాస్‌వర్డు చెబుతాను, అక్కడ నీ కంప్యూటర్లో నువ్వే పెట్టు."

"ఆడపిల్ల సదువు రాహుకాలంలో మొదలెట్టించి ఆ పాపం నేను మూటగట్టుకోనా? పన్నెండు దాటాక నేనే పెడతాను."

"పన్నెండుకి మూసేస్తారు బావా!"

"అది ఆళ్ల తప్పు."

ఫోన్ నేలకేసి కొడదామనుకున్నాను. దాంట్లో ఆ పేజీ ఎలాగూ తెరుచుకోవడం లేదు. కొట్టు మూసేసి ముగ్గురం ఆటో ఎక్కాం. ఆటోవాడు దారి పొడవునా ఆగుతూ జనాన్ని ఎక్కించాడు. నేను తిట్టిన తిట్లకి వాడు చెవులు మూసుకున్నాడు గానీ ఆగడం మానలేదు.

మేం ఆఫీసు మెట్లెక్కేసరికి పన్నెండు దాటింది. మా బావ దేవుడి పటానికి దండం పెట్టుకుని, మా ఊరు బయల్దేరడానికి చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆయన కంప్యూటర్లో నెట్ జోరుగా వస్తోంది. రాధిక పరుగెత్తి కూర్చుని సైటు తెరిచింది. గడువు ముగిసిందని వచ్చింది. అది చూసి పిల్ల ఏడ్చేసింది.

మా బావ తల పంకించాడు. "రాహుకాలంలో బయల్దేరితే ఇంతేనమ్మా. పెద్దలు ఊరకే సెప్తారా?"

దేముడమ్మ చూసింది. ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, మేం బయలెల్లింది సెడ్డ గడియే. ఒప్పుకుంతాను. నువ్వు మీట నొక్కింది మంచి గడియే కదా? మరి నీ నెట్టెందుకు సచ్చింది?"

పిల్లని లేపుకుని, కన్నీళ్లు తుడిచి, దేముడమ్మ మెట్లు దిగిపోయింది.

సాయంత్రం మా బావ మా ఊరొచ్చి పెట్టె తెరిచి చూస్తే తప్పు ఒక్క అంకెలో ఉంది. దిద్దడానికి నిమిషం పట్టలేదు. రాధిక ఆ ఏడంతా తల్లి పక్కన ఒడ్డున చేపలు ఎండబెట్టింది.

మా బావకి కూడా జ్ఞానోదయమైంది లెండి. పంతుల్ని మార్చాడు.