అమ్మ పేరున రాసిన ఏడుపు

ఎంఏ రెండో సంవత్సరంలో మా సారు ఒక పని అప్పజెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు ఈ నగరానికి ఎలా వచ్చారో అడిగి, వాళ్లు చెప్పిందే రాసుకురావాలి. ప్రాజెక్టు మార్కులన్నీ దానికే. మా అమ్మ అబిడ్స్‌లో ఒక టైలరు షాపులో చీరలకు ఫాల్స్ కుడుతుంది. సాయంత్రం పక్కన కూర్చుని అడిగితే సరిపోయేది. కానీ "నాకేం ఎర్క" అంటుందని నాకు నేనే తీర్మానించుకుని ఫోన్లో ఏఐని అడిగాను. పాలమూరు, కరువు, నాంపల్లి స్టేషన్ అని మూడు ముక్కలు ఇస్తే, అది రెండు పేజీల అమ్మను తయారుచేసి పెట్టింది. చదివి నేనే కళ్లు తుడుచుకున్నాను, సిగ్గులేకుండా.

అమ్మ చెప్పిందేనని ఇస్తే సారు కూడా కదిలిపోయారు. శనివారం క్లాసుకు అమ్మను తీసుకురమ్మన్నారు.

అబిడ్స్ నుంచి నాంపల్లిలోని కాలేజీ దాకా నడిచే వెళ్లాం. అసలు సంగతి చెప్పేద్దామని ప్రతి సిగ్నల్ దగ్గరా అనుకున్నాను, పచ్చలైటు పడగానే రోడ్డు దాటేశాను. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, ఒక పూట సెలవు పెట్టి వచ్చింది.

"నా గురించి గంతగనం ఏం రాసినవ్ బిడ్డా?" అని దారంతా మురిసిపోతోంది.

ప్రాజెక్టు పోతే పోనీ. అందరి ముందూ అమ్మ "నేను గట్ల అనలే" అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

క్లాసులో సారు దాన్ని గట్టిగా చదివారు. ఊరు విడిచేటప్పుడు కొంగున కట్టుకున్న పొలం మట్టి, స్టేషన్లో దిగాక దాన్ని పట్టుకుని ఏడ్చిన ఏడుపు.

"ఆ మట్టి ఇంకా ఉందా అమ్మా?" అని అడిగారు.

అమ్మ నావైపు చూసింది. నేను బెంచీ వైపు చూశాను.

"లేదు సార్. ఇల్లు మారినప్పుడు ఏడనో పోయింది."

అందరూ చప్పట్లు కొట్టారు. నా చెవులు కాలిపోయాయి.

గేటు దాటాక అడిగింది. "మనకు పొలమే లేకుండె. మట్టి ఏడికెల్లి తెచ్చినవ్?"

ఫోన్ రాసిందని చెప్పాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గా దినం నేను ఏడ్వనే లేదు. నవ్వుకుంట దిగిన" అని ఆగిపోయింది.

"ఎందుకు నవ్వినవమ్మా? చెప్పు, మళ్లీ రాసిస్త."

"ఇప్పుడేం రాస్తవ్? నేను సార్ ముంగట అబద్ధమాడిన్నని రాస్తవా?"

ఆ రోజు ఆమె ఎందుకు నవ్విందో నాకు ఇప్పటికీ తెలియదు.