హైడ్రా గీసిన చేయి

కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో నేను బాటనీ, ప్రభుదాస్ జువాలజీ చెప్పేవాళ్ళం. అతను బోర్డు మీద హైడ్రా అనే చిన్న నీటిజీవిని గీస్తే చూసి తీరాల్సిందే. సన్నని గొట్టంలాంటి ఒళ్ళు, పైన నోరు, నోటి చుట్టూ తీగల్లాంటి టెంటకిల్స్, అన్నీ చాక్‌పీసు ఎత్తకుండా వచ్చేసేవి.

"దీనికి తలకాయ లేదు, మెదడు లేదు. ఒళ్ళంతా రెండే పొరలు. తిన్నది ఏ నోట్లకు పోతదో, మిగిలింది ఆ నోట్లకెల్లే బయటికొస్తది. కుడి ఎడమ అసలే లేవు. నిలువున ఎటు కోసినా రెండు సమాన భాగాలే," అనేవాడు. పిల్లలు నవ్వేవారు. "ముక్కలు చేసినా సావదు. ముక్క ముక్కకు కొత్త ఒళ్ళు వస్తది. సముద్ర నక్షత్రానికైతే చెయ్యి తెగినా మళ్ళ మొలుస్తది," అనేసరికి క్లాసంతా నోరు తెరుచుకుని వినేది.

ఎండాకాలం మా యాజమాన్యం జీతం ఇవ్వదు. పాఠం లేనప్పుడు పంతుళ్ళకు ఆకలి కూడా వేయదని కాబోలు. అందుకని సెలవుల్లో ప్రభుదాస్ సొంతూరు మాడుగులపల్లి వెళ్ళి, అక్కడినుంచి మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు పనికి పోయేవాడు. వాళ్ళమ్మ వీరమ్మ అదే మిల్లులో ఊడ్చేది. మొన్న మే నెలలో మిషన్ బెల్టు అతని కుడిచేతిని మణికట్టు దగ్గర తెంపేసింది.

మిల్లువాళ్ళు అతన్ని ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు పరుగెత్తారు. కింద పడ్డ చేతిని ఎవరూ ముట్టలేదు. వీరమ్మే తీసింది. కడిగి, కొంగు చించి చుట్టి, ఊరికి తీసుకుపోయి, భర్త పౌలు సమాధి పక్కన ప్రార్థన చేసి పూడ్చిపెట్టింది. బైబిల్లో చెప్పినట్టు చనిపోయినవాళ్ళు లేచే రోజున కొడుకు నిండు ఒంటితో లేవాలని ఆమె కోరిక.

అతన్ని సూర్యాపేట పెద్ద దవాఖానకు పంపారని తెలిసి నేనూ వెళ్ళాను. "తెగిన చెయ్యి ఏది?" అని అడిగాడు డాక్టరు. వాళ్ళమ్మ పూడ్చిందట అని చెప్పాను. "పెద్దగా నలగలేదు. కవర్లో చుట్టి ఐసులో పెట్టి తెచ్చుంటే హైదరాబాదులో అతికించేవాళ్ళేమో," అని వెళ్ళిపోయాడు.

ప్రభుదాస్ ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, గీ ముచ్చట అమ్మకు తెల్వద్దు. తెలిస్తే బతకది," అన్నాడు.

కాలేజీ తెరిచాక ఎడమచేత్తో హైడ్రా గీశాడు. అది బెండకాయలా వచ్చింది. పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదని నాకు ఏడుపొచ్చింది. బొమ్మలు వేయలేనివాడు జువాలజీ ఎలా చెబుతాడంటూ యాజమాన్యం వేరొకరిని పెట్టుకుంది. నేను గొంతు చించుకున్నా ఎవరూ వినలేదు.

ఆ తర్వాత మాడుగులపల్లి వెళ్ళాను. అతను పలక మీద ఎడమచేత్తో హైడ్రా గీస్తూ, తుడుస్తూ ఉన్నాడు. వీరమ్మ పక్కనే కూర్చుని ఉంది.

"గీ పురుగుకు మళ్ళ మొలుస్తదంటివి గద బిడ్డా. మనకెందుకు మొలవది?"

"దానికి ఏం లేవమ్మా, అందుకే మొలుస్తది. మనకు మెదడు, ఎముకలు, కుడి, ఎడమ అన్నీ ఉన్నయి. అన్నీ ఉన్నోళ్ళకు పోయింది రాదు."

వీరమ్మ అతని మొండి మణికట్టును ఒళ్ళోకి తీసుకుని నిమిరింది. "పోనీ తియ్ బిడ్డా. ఎవ్వలు ముట్టకున్నా నేనైతే ఇడిసిపెట్టలే. నీ చెయ్యి మీ నాయిన కాడ భద్రంగ దాసిన."

ప్రభుదాస్ నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"మంచి పని జేసినవమ్మా," అన్నాడు.