ఇంకో రెండు చెంబులు

నా చిన్నప్పుడు కాన్పు అంటే ముందు నీళ్ళ కాగు కింద మంట పెట్టడమే. అమీర్‌పేటలోని మా సందులో ఎవరింట్లోనైనా పొద్దున్నే కట్టెలు ఎక్కువ కాలితే చాలు, ఆడవాళ్ళు నెలలు లెక్కపెట్టేవారు. నొప్పులు మొదలైన మనిషికి జీలకర్ర కషాయం తాగించి వేడినీళ్ళు పోసేవారు. తగ్గితే ఉత్త నొప్పులు, పెరిగితే నిజం. ఈ పరీక్ష మీద ఉన్నంత నమ్మకం మా అమ్మమ్మకు ఏ డాక్టరు మీదా ఉండేది కాదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మా నేనూ అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాళ్ళం. మా చిన్నమ్మ తొలి కాన్పుకు అక్కడికే వచ్చింది. నాకు జడలు వేసేది, నేను పగలగొట్టిన గ్లాసులు తాను పగలగొట్టానని చెప్పేది. ఆమె అంటే నాకు ప్రాణం.

ఒక ఉదయం ఆమెకు నొప్పులు వచ్చాయి. స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టి అమ్మమ్మ నడుం మీద వేడినీళ్ళు పోసింది. కాసేపటికే చిన్నమ్మ ముఖం తేటపడింది. ఉత్త నొప్పులేనని తేల్చేసి అమ్మమ్మ వంటింటి దారి పట్టబోతుంటే పక్కింటి మంత్రసాని ఖాలా వచ్చింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, సందంతా ఆమెను అలాగే పిలిచేది. సందులో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. కడుపు తడిమి చూసి, నొప్పులు నిజమైనవేనని, నీళ్ళకు మెత్తబడ్డాయని చెప్పింది. అలాగని నీళ్ళు మానమనలేదు. ఒళ్ళు వదులవుతుంది, భయం తగ్గుతుంది, కనే ఓపిక మిగులుతుంది, పోయండి అంది. బిడ్డ దిగే వేళకు మాత్రం బయటికి తీసుకురావాలంది.

ఆ తర్వాత పాత చీర ముక్క ఒకటి ఉండ చుట్టి తూములో కుక్కింది. నీళ్ళు పోకుండా నేల మీద నిలిచాయి. ఇదేం చోద్యమని అమ్మమ్మ విసుక్కుంది. ఖాలా నన్ను గడప మీద కూర్చోబెట్టి, నీళ్ళు పోస్తూ ఉండమని చేతికి చెంబు ఇచ్చింది.

“మీ చిన్నమ్మ మొఖం జూడకు బిడ్డా, నీళ్ళు జూడు. జర ఎర్రగైనా నన్ను పిలువు. నీళ్ళు నొప్పి తీస్కపోతయి, నెత్తురు సుత తీస్కపోతయి. ఎవ్వరికి తెల్వది.”

లోపల పక్క సిద్ధం చేయడానికి ఆమె వెళ్ళింది. అమ్మమ్మా, అమ్మా వెంట వెళ్ళారు. కొంతసేపటికి పీట చుట్టూ నీళ్ళు లేత ఎరుపుకు తిరిగాయి. నేను లేచాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖంలో నొప్పి అన్నదే లేదు.

“ఇప్పుడే జెప్పకే. లేపుతరు. ఇంకో రెండు చెంబులు పొయ్యి, నా తల్లివి గదా.”

పోశాను. ఆమెకు హాయిగా ఉండాలని మెల్లగా పోశాను. అప్పుడు పిలిచాను.

ఖాలా వచ్చి చూసిన దగ్గర్నుంచి అన్నీ పరుగులే. దుప్పటి చుట్టి, రిక్షాలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చిన్నమ్మ దక్కింది. బాబు దక్కలేదు.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి ఖాలా దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“గా రెండు చెంబులతోని ఏం గాలే బిడ్డా. నిన్నొక్కదాన్నే కూసోబెట్టుడు నాది తప్పు.”

అది నిజమో, నా కోసం ఆడిన అబద్ధమో ఇప్పటికీ తెలియదు. అడుగుదామంటే ఆమె లేదు. చిన్నమ్మకు తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆమె ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తే ధైర్యం నాకూ రాలేదు.

మొన్న, కడుపుతో ఉన్న మా మనవరాలు పంజాగుట్టలో డాక్టరుకు చూపించుకుని వచ్చి, ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చుని నొప్పులు పడవచ్చట అని సంబరంగా చెప్పింది. అందరికీ కుదరదట, అన్నీ చూసి చెబుతారట. నేను వద్దనలేదు. నొప్పి తగ్గడం పాపమేమీ కాదు. పక్కన ఎవరుంటారని మాత్రం అడిగాను. నర్సు ఉంటుందట. నువ్వు ఇంకాసేపు ఉంటానని ఎంత బతిమాలినా వినని మనిషేనా అని మళ్ళీ అడిగాను. అది నవ్వింది.

“నువ్వు సుత లోపలికి రా అమ్మమ్మా,” అంది.

నేను బయటే కూర్చుంటానన్నాను. పాపం, చిన్నబుచ్చుకుంది. ఏం చేయను? అది బతిమాలితే ఈ వయసులోనూ నేను వింటాను.