అచ్చియ్యమ్మ గుమ్మడిపాదు కాపలా

చోడవరంలో అచ్చియ్యమ్మ గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఆవిడ పెరట్లో నిలబడి "హుష్" అందంటే, ఎగిరిన కాకి దేవరాపల్లి దాటేదాకా రెక్క దించేది కాదు. నమ్మకపోతే ఆ కాకినే అడగండి. అంత గొంతూ ఒక్కరి దగ్గర వెన్నలా కరిగిపోయేది. ఆ ఒక్కరూ మనవరాలు చిన్నతల్లి. ఆరేళ్ళ పిల్ల.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు వానాకాలంలో ఆ ఇంటికి ఒక బెంగ పట్టుకుంది. అచ్చియ్యమ్మ కాపురానికి వచ్చిననాడు వాళ్ళమ్మ కొంగున ముడివేసి పంపింది బంగారం కాదు, గుమ్మడిగింజలు. ఏటా ఆ పాదే వేసి, ఒక కాయ బాగా ముదరనిచ్చి, గింజలు బూడిదలో కలిపి ఉట్టిమీద దాచేది. ఆ కాయ తీపి గురించి ఏం చెప్పాలి! ఆ ఇంట్లో గుమ్మడి పులుసు కాగిన రోజున చుట్టుపక్కల చెరకుతోటలు సిగ్గుతో తలొంచుకునేవి. అలాంటిది నిరుడు ఎలకలు ఉట్టెక్కి గింజలన్నీ కొరికేశాయి. ఒకే ఒక్క గింజ మిగిలింది. పాతితే మొలిచింది, దడంతా అల్లుకుంది. ఈ ఏడు ఒక్క కాయైనా ముదరకపోతే, అమ్మ ఇచ్చిన గుమ్మడి ఇక లేనట్టే.

పువ్వులకేం కొదవ లేదు. ఇత్తడి గిన్నెలంతేసి పూసేవి. కొన్ని పొడుగు కాడల మీద ఊరికే నిలబడేవి. కొన్నిటి కింద మాత్రం ఉసిరికాయంత పిందె ఉండేది. దాన్ని చూసి ముసలమ్మ మురిసేలోపే పిందె పసుపుబారి, మెత్తబడి, రాలిపోయేది.

"ఇదంతా ఆ మంగాయమ్మ కళ్ళే!" అని పక్కింటావిడ మీద పడింది అచ్చియ్యమ్మ.

"నా కళ్ళకి అంత బలముంటే ముందు నీ నోరు రాలిపోవాల కదే!" అంది మంగాయమ్మ దడి అవతలనుంచి.

దిష్టి తీశారు, పాత చెప్పు కట్టారు. పిందెలు రాలుతూనే ఉన్నాయి. ఇక లాభం లేదని అచ్చియ్యమ్మ తానే కాపలాకి దిగింది. ఎప్పుడూ పొద్దున్నే దడి దగ్గర చుట్ట కాల్చే మనిషి, ఇప్పుడు తెల్లవారుతూనే అక్కడే పీట వేసుకుని, చుట్ట మీద చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆ పొగ చూసి, రైలు చోడవరం దాకా వచ్చేసిందనుకుని మూటలు సర్దుకున్నవాళ్ళున్నారు! తుమ్మెద కనిపిస్తే చాలు, కర్ర ఊపేది.

"పువ్వులో తేనంతా తాగీసి పిందెని ఎండగట్టీస్తన్నాయి, దొంగెదవలు!"

ఇంతలో చలితో వణికించే మన్నెం జ్వరం వచ్చి ముసలమ్మ మంచం పట్టింది. కర్ర చిన్నతల్లి చేతికి వచ్చింది.

"ఒసే గుంటా, ఒక్క తుమ్మెదా వాలకూడదు. వాలిందా, మీ ముత్తవ్వ గుమ్మిడి పోయినట్టే."

"నాను సూస్తాను కదా మామ్మా, నువ్వు తొంగో."

మర్నాడు పొద్దున దడి దగ్గర పొగ లేదు. నల్లగా నిగనిగలాడే తుమ్మెద ఒకటి జుమ్మంటూ వచ్చింది. చిన్నతల్లి కర్ర ఎత్తింది. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. తుమ్మెద పొడుగుకాడ పువ్వులో తలదూర్చి, దొర్లి, బయటికి వచ్చేసరికి ఒళ్ళంతా పచ్చగా మెరుస్తోంది! చూస్తూండగానే పిందె ఉన్న పువ్వులోకి దూరింది. పిల్ల ఇంట్లోకి పరుగెత్తింది.

"మామ్మా! తుమ్మెద పెళ్ళికూతురునాగ పసుపు రాసీసుకుంది!"

"తోలీసేవా, నేదా?"

"నేదు. పిందె పువ్వులోకెళ్ళి ఆ పసుపంతా అక్కడ పూసీసింది."

ముసలమ్మ అరవలేదు. అరిచే ఓపిక లేదు. గోడవైపు తిరిగి, "మాయమ్మ గింజ..." అంది. అంతే. చిన్నతల్లికి ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. కర్ర గోడకి చేరేసి, మామ్మ కాళ్ళ దగ్గర ముడుచుకుని ఏడ్చింది. ఆ తర్వాత దడివైపే వెళ్ళలేదు.

జ్వరం తగ్గాక అచ్చియ్యమ్మ మనవరాలి భుజం పట్టుకుని పెరట్లోకి వచ్చింది. తుమ్మెద దూరిన పిందె ఈపాటికి రాలి ఉండాలి. రాలలేదు. నిమ్మకాయకన్నా పెద్దదై, పచ్చగా, గట్టిగా, నిగనిగలాడుతోంది.

"ఇదేనేటే?"

"ఇదే మామ్మా. పసుపు పూసింది దీనికే."

ముసలమ్మ వంగి పిందె మీది ఆకు పక్కకి తప్పించింది. "మీ తాత తేనెపట్టు తియ్యడానికి ఏటి సేసేవోడో ఎరుగుదువా? పొగెట్టేవోడు. పొగెడితే ఈగలన్నీ పారిపోయేవి" అని, చేతిలో చుట్టవైపు చూసుకుంది. "దొంగని నానేనేటే!"

పువ్వులకి కాళ్ళుంటే ఈ గొడవే లేదు. పొడుగుకాడ పోతుపువ్వులో ఉండే పచ్చని పొడిని పుప్పొడి అంటారు. అది పిందె ఉన్న పువ్వు నడిమికి చేరాలి. చేరితే పిందెలో గింజలు కడతాయి, గింజలు కడితే పిందె కాయవుతుంది. చేరకపోతే రాలిపోతుంది. తుమ్మెదకి ఈ సంగతులేవీ తెలియవు. అది తేనె కోసం వస్తుంది. ఒంటికి అంటిన పొడిని తెలియకుండానే మరో పువ్వుకి మోస్తుంది. గుమ్మడికాయ వెనక ఉన్నది ఆ బుల్లి కూలీ కష్టం!

ఇక ఆ కాయ ఎంత పెరిగిందని? ఇంట్లోకి చేర్చడానికి రెండెడ్ల బండి కట్టారని కొందరంటారు, నాలుగెడ్లని కొందరు. కోసిన రోజున చిన్నతల్లి మోచేతుల దాకా ముంచి గింజలు తోడింది. కడిగి ఆరబెట్టాక మొదటి గుప్పెడు దడి మీదుగా మంగాయమ్మకి అందింది.

"నీ కళ్ళు మంచివేలేవే" అంది అచ్చియ్యమ్మ.

"ఇప్పుడు తెలిసిందేటి?" అంటూ మంగాయమ్మ గింజలు కొంగున ముడివేసుకుంది.

చిన్నతల్లి ఇంకో గుప్పెడు పట్టుకుని నిలబడింది. "ఇంకొకలికి ఇవ్వాల మామ్మా."

"ఎవలికే?"

"తుమ్మెదకి."

"దానికి గింజలెందుకే ఎర్రిదానా, పువ్వులుంటే సాలు" అని, ముసలమ్మ వెలిగించబోయిన చుట్ట చెవిమీద దోపుకుని, పీట చంకన పెట్టుకుని వీధివైపుకి నడిచింది. దడిమీద ఆఖరు పువ్వులు ఇంకా విప్పారే ఉన్నాయి.