తలుపు లేని ఇల్లు

నా చిన్నప్పుడు, తెలంగాణ ఇంకా రాకముందు, మేం బొగ్గుగనుల కాలనీలో రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ముందు గది గోడ మీద మా తాత వేసిన బొమ్మ ఉండేది. ఆయన పుట్టిన ఊరిని ఓపెన్‌కాస్టు గని కోసం ఇళ్లతో, చేలతో సహా తవ్వేశారు. ఆ తర్వాత ఒకసారి ఏదో క్యాలెండరులో, విదేశీ చిత్రకారుడెవరో ముద్దలు ముద్దలుగా రంగు పూసి వేసిన పూల పొలం చూసి, "అరే, గిది మా కుసుమ చేనే గద!" అన్నాడట. ఇక ఆగలేదు. పసుపు, ఎర్రమట్టి జాజు, సున్నం, నీలిమందు కలిపి, వేపపుల్లతో, బొటనవేలితో తన ఊరిని గోడ మీదికి తెచ్చాడు. దగ్గరికెళ్తే ఉత్త మరకలు. గడప దగ్గర నిలబడి చూస్తే మాత్రం చేను గాలికి ఊగేది. చేను చివర తాత పుట్టిన పెంకుటిల్లు.

ఆ బొమ్మంటే నాకు ఇష్టమూ, భయమూ. అందులో ఒక్క మనిషీ లేడు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు గోడ అదిరేది. తాత లేచివెళ్లి ఆ ఇంటి మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. ఇల్లు పడిపోకుండా పట్టుకున్నాడనుకునేదాన్ని.

మా దగ్గర బొగ్గు దుమ్ముకి రోజూ తడిగుడ్డ పెట్టనిదే గడవదు. ఆ ఎండాకాలం సెలవుల్లో అమ్మ ఆ పని నాకు అప్పగించింది. కిటికీ తుడిచాను, టీవీ తుడిచాను, అమ్మ మెచ్చుకుంటుందని బొమ్మను కూడా శుభ్రంగా తుడిచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! గుడ్డ ఎర్రబడ్డాక చూస్తే పూలు సగం మిగిలాయి, ఇల్లు పోయింది.

తాత తిట్టలేదు. "ఏడ్వకు బిడ్డా, మల్ల ఏద్దాం. నువ్వు జాజు కలుపు" అన్నాడు. గోడలు వేశాడు, పెంకులు వేశాడు. తలుపు దగ్గరకొచ్చేసరికి పుల్ల ఆగిపోయింది. కుడివైపు పెట్టబోయి ఆగాడు. ఎడమవైపూ అంతే.

"నువ్వు రోజు చూస్తివి గద, తలుపు ఎటు దిక్కుండె బిడ్డా?"

రోజూ చూసిన నాకూ గుర్తు రాలేదు. అమ్మ కుడి అంది, నాన్న కాదు ఎడమ అన్నాడు. తాత కళ్లలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"మా అక్కకు ఎరుకుండె. పోయినేడే పాయె. ఉన్నన్నొద్దులు ఒక్కనాడు అడగకపోతి" అన్నాడు.

ఏదో ఒక వైపు పెట్టెయ్యి తాతా అని బతిమాలాను.

"ఉత్తగ పెడితే అది వేరేటోళ్ల ఇల్లయితది బిడ్డా."

తలుపు లేకుండానే వదిలేశాడు. ఆ మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయినప్పుడు మంచం మీంచి లేవలేదు.

తాత పోయాడు. నాన్న రిటైరై క్వార్టర్ అప్పగించేటప్పుడు గోడకు సున్నం వేయించాం. ఇప్పుడు పెద్దవాళ్లెవరు కనబడినా, మీరు పుట్టిన ఇంటి తలుపు ఎటువైపు ఉండేదని అడుగుతాను. నవ్వుకుంటే నవ్వుకోనీ. కలలో మాత్రం ఇప్పటికీ కుసుమ చేను దాటి ఆ ఇంటి చుట్టూ తిరుగుతుంటాను. లోపలి నుంచి తాత దగ్గు వినబడుతూనే ఉంటుంది. నేను తుడిచేసిన తలుపు దొరకదు.